భాగం – 14: అనువంశిక ముప్పు ఉన్నవారిలో క్లోమ క్యాన్సర్ స్క్రీనింగ్

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 క్లోమం, దాని క్యాన్సర్
14.3 అనువంశికంగా వచ్చేది వ్యాధి కాదు, ముప్పు
14.4 వంశవృక్షంతో మొదలు
14.5 అందరికీ ఎందుకు చేయరు? – ఒక లెక్క
14.6 ఎవరికి, ఏ వయసులో, ఏ పరీక్ష
14.7 ఫలితాలను ఎలా చదవాలి
14.8 నష్టాలు, నిర్ణయం
14.9 సారాంశం
14.10 ముఖ్య పదాలు
14.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
14.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

- క్లోమ క్యాన్సర్‌ను తొలిదశలో గుర్తించడం ఎందుకు కష్టమో వివరించగలుగుతారు.
- వ్యాధి సంక్రమించడానికీ, వ్యాధి వచ్చే ముప్పు సంక్రమించడానికీ గల తేడా చెప్పగలుగుతారు.
- ఒక కుటుంబం వంశవృక్షాన్ని గీసి, అందులో ఎవరికి ముప్పు ఉందో గుర్తించగలుగుతారు.
- స్క్రీనింగ్ అందరికీ ఎందుకు పనికిరాదో, కొందరికి ఎందుకు అవసరమో లెక్క వేసి చూపగలుగుతారు.
- స్క్రీనింగ్ వల్ల కలిగే మేలునూ కీడునూ బేరీజు వేయగలుగుతారు.

14.1 పరిచయం

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన తండ్రి 1953లో, 58 ఏళ్ల వయసులో క్లోమ క్యాన్సర్‌తో మరణించారు. చెల్లెలు రూత్ 1983లో 54 ఏళ్లకు, తమ్ముడు బిల్లీ 1988లో 51 ఏళ్లకు, మరో చెల్లెలు గ్లోరియా 1990లో 63 ఏళ్లకు అదే వ్యాధితో పోయారు. కార్టర్ మాత్రం నూరేళ్లు నిండిన తరువాత 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు.

ఒకే ఇంట్లో నలుగురిని తీసుకుపోయిన వ్యాధి ఐదో మనిషిని ఎందుకు వదిలింది? తండ్రికీ తోబుట్టువులకూ పొగతాగే అలవాటు ఉండేదని, తనకు లేదని కార్టరే చెప్పారు. అది ఒక కారణం కావచ్చు. ఆ కుటుంబంలో నడుస్తున్న జన్యులోపం ఏదైనా ఉంటే అది ఆయనకు రాకపోయి ఉండవచ్చు. వచ్చినా వ్యాధిగా మారకపోయి ఉండవచ్చు. 1990లో ఆయన ముందు కూర్చున్న వైద్యుడికి ఈ మూడింటిలో ఏది నిజమో తెలిసే దారి లేదు.

ఇలాంటి కుటుంబంలో పుట్టి, ఇప్పుడు ఏ బాధా లేకుండా తిరుగుతున్న మనిషి ఏం చేయాలి? ఏటా స్కానింగ్ చేయించుకోవాలా? ఏ వయసు నుంచి? ఏదైనా కనిపిస్తే ఏమిటి? ఈ భాగంలో మనం చర్చించేది ఇదే. చర్చ మొదలుపెట్టే ముందు ఒక మాట గుర్తుంచుకోండి. "వ్యాధి భయంకరమైనది కనుక పరీక్ష చేయించుకోవడం మంచిదే" అన్న వాదన వినడానికి బాగుంటుంది గాని, శాస్త్రానికి అది చాలదు. ఎందుకు చాలదో ముందుకు వెళ్లే కొద్దీ మీకే తెలుస్తుంది.

14.2 క్లోమం, దాని క్యాన్సర్

క్లోమం జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉండే గ్రంథి. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. దీనికి తల, దేహం, తోక అనే మూడు భాగాలు ఉంటాయి. ఇది రెండు పనులు చేస్తుంది. ఆహారాన్ని జీర్ణం చేసే ఎంజైములను నాళాల ద్వారా ఆంత్రమూలంలోకి పంపుతుంది. ఇన్సులిన్ వంటి హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదులుతుంది. క్లోమ క్యాన్సర్లలో 90 శాతానికి పైగా మొదటి పని చేసే భాగంలో, నాళాల లోపలి పొర నుంచి పుడతాయి. ఈ భాగంలో "క్లోమ క్యాన్సర్" అన్నప్పుడల్లా ఈ రకమే అని గ్రహించండి.

గ్రంథి లోతుగా ఉండటం వల్ల కణితి చేతికి తగలదు. తలభాగంలో పుట్టిన కణితి పిత్తనాళాన్ని నొక్కితే కామెర్లు వస్తాయి. దేహంలోనో తోకలోనో పుడితే ఆ సూచన కూడా ఉండదు. నడుములోకి పాకే కడుపు నొప్పి, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, ఉన్నట్టుండి మధుమేహం బయటపడటం వంటి లక్షణాలు కనిపించేసరికి చాలామందిలో వ్యాధి రక్తనాళాలకో, కాలేయానికో పాకి ఉంటుంది. వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి వందమందిలో శస్త్రచికిత్సకు వీలున్నవారు 15 నుంచి 20 మంది మాత్రమే. అమెరికా గణాంకాల ప్రకారం నిర్ధారణ తరువాత అయిదేళ్లు బతికేవారు 13 శాతం. వ్యాధి క్లోమం దాటకముందే దొరికితే ఆ సంఖ్య 40 శాతం దాటుతుంది. దూరపు అవయవాలకు పాకిన తరువాత 3 శాతానికి పడిపోతుంది.

మరి తొలిదశలో పట్టుకోవడానికి వ్యవధి ఉందా? ఉంది. ఈ క్యాన్సర్ ఒక్క రోజులో పుట్టదు. నాళపు పొరలోని ఒక కణంలో ముందుగా కేరాస్ అనే జన్యువులో ఉత్పరివర్తనం వస్తుంది. తరువాత సీడీకేఎన్2ఏ, టీపీ53, స్మాడ్4 జన్యువులు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. కణితుల డీఎన్ఏను చదివి 2010లో అమెరికా శాస్త్రవేత్తలు వేసిన అంచనా ప్రకారం తొలి ఉత్పరివర్తనం నుంచి క్యాన్సర్ కణం పుట్టడానికి సగటున పదేళ్లకు పైగా పడుతుంది. అది ఇతర అవయవాలకు పాకే శక్తి సంపాదించడానికి మరో అయిదేళ్లకు పైగా పడుతుంది. కాగితం మీద ఇది చాలా పెద్ద వ్యవధి. కానీ ఆ కాలంలో ఎక్కువ భాగం మార్పు సూక్ష్మదర్శినికి తప్ప స్కానింగ్‌కు అందదు. స్క్రీనింగ్ కష్టమంతా ఈ ఇరుకులోనే ఉంది.

14.3 అనువంశికంగా వచ్చేది వ్యాధి కాదు, ముప్పు

క్లోమ క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి వంశంతో సంబంధం లేదు. వయసు, పొగాకు, స్థూలకాయం, దీర్ఘకాలిక క్లోమ శోథం వంటివే ప్రధాన కారణాలు. సుమారు పదింట ఒక వంతు రోగుల్లో మాత్రం కుటుంబ నేపథ్యం కనిపిస్తుంది. వీరిని రెండు వర్గాలుగా విడదీస్తారు.

మొదటి వర్గంలో కారణమైన జన్యువు ఏదో తెలుసు. వాటిలో ముఖ్యమైనవి పట్టిక 14.1లో ఉన్నాయి.

పట్టిక 14.1: క్లోమ క్యాన్సర్ ముప్పును పెంచే జన్యువులు

| జన్యువు | ఉన్న క్రోమోజోమ్ | కుటుంబంలో కనిపించే ఇతర సూచనలు | నిఘా మొదలుపెట్టే వయసు |
|---|---|---|---|
| బీఆర్‌సీఏ2 | 13 | రొమ్ము, అండాశయ, ప్రొస్టేట్ క్యాన్సర్లు | 45–50 |
| బీఆర్‌సీఏ1 | 17 | రొమ్ము, అండాశయ క్యాన్సర్లు | 45–50 |
| పాల్‌బీ2 | 16 | రొమ్ము క్యాన్సర్ | 45–50 |
| ఏటీఎం | 11 | రొమ్ము క్యాన్సర్ | 45–50 |
| ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 | 3, 2 | పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు | 45–50 |
| సీడీకేఎన్2ఏ | 9 | మెలనోమా అనే చర్మ క్యాన్సర్ | 40 |
| ఎస్‌టీకే11 | 19 | పెదవుల మీద నల్లమచ్చలు, పేగుల్లో పాలిప్‌లు | 40 |
| పీఆర్‌ఎస్‌ఎస్1 | 7 | చిన్నతనం నుంచి మళ్లీమళ్లీ వచ్చే క్లోమ శోథం | 40 |

ఈ పట్టికలోని మూడో గడిని శ్రద్ధగా చూడండి. బీఆర్‌సీఏ2 పేరు వినగానే అందరికీ రొమ్ము క్యాన్సర్ గుర్తుకొస్తుంది. కనుక అది ఆడవారి సమస్య అనుకుంటారు. అది 13వ క్రోమోజోమ్ మీద ఉన్న జన్యువు, లింగ క్రోమోజోమ్ మీద కాదు. తండ్రి నుంచి కూతురికీ, తల్లి నుంచి కొడుకుకూ సమానంగా వెళ్తుంది. మేనత్తకు వచ్చిన రొమ్ము క్యాన్సర్, నాన్నకు వచ్చిన క్లోమ క్యాన్సర్ ఒకే జన్యువు చేసిన పని కావచ్చు.

రెండో వర్గంలో కుటుంబంలో వ్యాధి కనిపిస్తుంది గాని జన్యువు దొరకదు. ఒకరికొకరు ప్రథమశ్రేణి బంధువులైన కనీసం ఇద్దరికి క్లోమ క్యాన్సర్ వచ్చి ఉంటే దాన్ని కుటుంబ క్లోమ క్యాన్సర్ అంటారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం ప్రథమశ్రేణి బంధువులు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం 1994లో ఇలాంటి కుటుంబాల నమోదు మొదలుపెట్టింది. అందులోని 838 కుటుంబాలను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇలాంటి కుటుంబంలో ప్రథమశ్రేణి బంధువుల్లో ఒకరికి వ్యాధి ఉన్నవారికి ముప్పు సాధారణం కంటే సుమారు 4.6 రెట్లు, ఇద్దరికి ఉంటే 6.4 రెట్లు, ముగ్గురికి లేదా అంతకుమించి ఉంటే 32 రెట్లు. కార్టర్ విషయంలో ఆ సంఖ్య నాలుగు. ముప్పు అంత ఉన్నా ఆయనకు ఆ వ్యాధి రాలేదని మరచిపోకండి.

ఈ జన్యువుల్లో చాలావరకు బహిర్గత పద్ధతిలో పనిచేస్తాయి. అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి లోపమున్న యుగ్మవికల్పకం ఒక్కటి వచ్చినా ముప్పు పెరుగుతుంది. ప్రతి బిడ్డకూ అది వచ్చే సంభావ్యత సగం. అయితే వచ్చినవారందరికీ వ్యాధి రాదు. బీఆర్‌సీఏ2 లోపం ఉన్న నూరుమందిలో జీవితకాలంలో క్లోమ క్యాన్సర్ వచ్చేది సుమారు 5 నుంచి 10 మందికి. సీడీకేఎన్2ఏలో ఇది 15 దాటుతుంది. మిగిలినవారు ఆ లోపాన్ని మోస్తూనే, పిల్లలకు అందిస్తూనే, ఆ వ్యాధి లేకుండా వృద్ధులవుతారు. దీన్నే అసంపూర్ణ వ్యక్తీకరణ అంటారు. ఒక తరంలో వ్యాధి కనిపించనంత మాత్రాన జన్యువు పోయినట్లు కాదు.

"మేనరికం వల్ల వస్తుందా?" అన్నది ఈ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు అడిగే ప్రశ్న. బహిర్గత లోపానికి ఒక్క యుగ్మవికల్పకం చాలు గనుక క్లోమ క్యాన్సర్ ముప్పు రావడానికి మేనరికంతో పనిలేదు. కానీ మేనరికానికి వేరే చోట ప్రాధాన్యం ఉంది. దంపతులిద్దరూ ఒకే తాత నుంచి బీఆర్‌సీఏ2 లేదా పాల్‌బీ2 లోపాన్ని పొంది ఉంటే వారి బిడ్డకు రెండు లోపయుత ప్రతులు చేరే సంభావ్యత నాలుగింట ఒకటి. అలా చేరితే ఫాంకోని అనీమియా అనే తీవ్రమైన రక్తవ్యాధి రావచ్చు. ఏటీఎం విషయంలో అటాక్సియా టెలాంజియెక్టాసియా అనే నాడీవ్యాధి వస్తుంది.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక పరిశోధనను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పాశ్చాత్య దేశాల్లో వంశపారంపర్య క్లోమ శోథానికి ప్రధాన కారణం పీఆర్‌ఎస్‌ఎస్1. 1996లో దాన్ని కనుగొన్నారు. దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించే, క్లోమంలో రాళ్లు ఏర్పడే శోథానికి కూడా అదే కారణమా అని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరిశీలించారు. 2002లో ప్రచురించిన ఫలితాల్లో పీఆర్‌ఎస్‌ఎస్1 కాకుండా స్పింక్1 అనే జన్యువులోని మార్పులకు దీనితో బలమైన సంబంధం కనిపించింది. ఒక దేశంలో తయారైన జన్యువుల జాబితాను మరో దేశానికి యథాతథంగా తెచ్చుకోలేమని ఇది చూపుతుంది.

14.4 వంశవృక్షంతో మొదలు

స్క్రీనింగ్ స్కానింగ్ గదిలో మొదలుకాదు. కాగితం మీద గీసే వంశవృక్షంతో మొదలవుతుంది. కనీసం మూడు తరాలు, తల్లివైపు, తండ్రివైపు వేర్వేరుగా గీయాలి. ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందో రాయాలి.

ఈ పనిలో తెలుగు మనకు సాయపడుతుంది, ఒక్కోసారి మోసమూ చేస్తుంది. పెదనాన్న, మేనమామ అన్న పిలుపులోనే ఏ వైపు బంధువో, పెద్దో చిన్నో తెలిసిపోతుంది. కానీ "అత్తయ్య" అంటే నాన్న తోబుట్టువు కావచ్చు, మేనమామ భార్య కావచ్చు. "పిన్ని" అంటే అమ్మ చెల్లెలు కావచ్చు, బాబాయి భార్య కావచ్చు. మొదటివారితో రక్తసంబంధం ఉంది, రెండోవారితో లేదు. పెదనాన్న కొడుకునూ "అన్నయ్య" అనే అంటాం. కనుక వంశవృక్షం గీసేటప్పుడు పిలుపు రాసి ఊరుకోకుండా, ఆ మనిషి ఎవరికి పుట్టారో అడగాలి.

మరో చిక్కు జ్ఞాపకాలతో వస్తుంది. "తాతయ్య కామెర్లతో పోయాడు", "కడుపులో గడ్డ అన్నారు" అని మాత్రమే ఇంట్లో గుర్తుంటుంది. కామెర్లకు పసరు వైద్యం చేయించి, ఏ పరీక్షా లేకుండానే పోయినవారు ఎందరో. పాత ఆసుపత్రి కాగితాలు, బయాప్సీ నివేదికలు దొరికితే వాటికి విలువ ఎక్కువ.

ఇప్పుడు ఒక ఊహాజనిత కుటుంబాన్ని తీసుకుందాం. ఒక మహిళ వయసు 44. ఆమె తండ్రి 56 ఏళ్లకు క్లోమ క్యాన్సర్‌తో మరణించారు. తండ్రి చెల్లెలికి 42 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, చికిత్సతో కోలుకుని ఇప్పుడు బాగున్నారు. ఆ మేనత్త భర్త జీర్ణాశయ క్యాన్సర్‌తో పోయారు. తల్లివైపు ఎవరికీ ఏమీ లేదు.

మేనత్త భర్త వివరం ఈ లెక్కలోకి రాదు, ఆయన రక్తసంబంధి కారు. తండ్రి, మేనత్త వివరాలు కలిపి చూస్తే బీఆర్‌సీఏ2 వంటి జన్యువును అనుమానించాలి. జన్యుపరీక్ష ముందు ఎవరికి చేయాలి? ఆరోగ్యంగా ఉన్న ఈ మహిళకు కాదు. వ్యాధి వచ్చి బతికి ఉన్న మేనత్తకు. ఆమెలో లోపం దొరికితే, అదే లోపం కోసం ఈ మహిళనూ, ఆమె తోబుట్టువులనూ పరీక్షించవచ్చు. అది ఈమెలో లేదని తేలితే ఆ ఫలితానికి అర్థం ఉంటుంది. ఆ జన్యువు వల్ల వచ్చే అదనపు ముప్పు ఈమెకు లేనట్లే. మేనత్తను పరీక్షించకుండా నేరుగా ఈమెను పరీక్షించి "ఏమీ లేదు" అంటే, ఇంట్లోని లోపం ఈమెకు రాలేదో, అసలు ఆ లోపం ఈ పరీక్షకు దొరకనిదో తేల్చలేం.

జన్యుపరీక్షకు మూడో రకం జవాబు కూడా ఉంటుంది. మార్పు కనిపించింది గాని దాని అర్థం తేలలేదు అని. ప్రపంచ జన్యు సమాచార నిధుల్లో భారతీయుల వివరాలు తక్కువగా ఉండటం వల్ల మనకు ఈ జవాబు తరచుగా వస్తుంది. అలాంటి మార్పు ఆధారంగా స్క్రీనింగ్ గాని, శస్త్రచికిత్స గాని నిర్ణయించకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

గమనిక: మీ సమాధానాలను విడిగా రాసి, 14.11లో ఇచ్చినవాటితో సరిపోల్చుకోండి.

1. బాబాయికి క్లోమ క్యాన్సర్, ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చాయి. ఒక జన్యువే రెండింటికీ కారణమని అనుమానించవచ్చా?
2. పై ఊహాజనిత కుటుంబంలో జన్యుపరీక్ష మొదట మేనత్తకు ఎందుకు చేయాలి?

14.5 అందరికీ ఎందుకు చేయరు? – ఒక లెక్క

అమెరికా నివారణ సేవల కార్యదళం 2004లో ఒకసారి, 2019లో మరోసారి, లక్షణాలు లేని సాధారణ ప్రజలకు క్లోమ క్యాన్సర్ స్క్రీనింగ్ చేయవద్దని స్పష్టంగా సూచించింది. కారణం లెక్కలో ఉంది.

ఒక పరీక్ష ఉందనుకుందాం. వ్యాధి ఉన్న నూరుమందిలో 90 మందిని పట్టుకుంటుంది. వ్యాధి లేని నూరుమందిలో 95 మందిని సరిగా వదిలేస్తుంది. వినడానికి చాలా మంచి పరీక్ష. ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి మాత్రమే.

మొదటి సందర్భం: లక్షమంది సాధారణ ప్రజలు, వారిలో 20 మందికి వ్యాధి ఉందనుకోండి. పరీక్ష 18 మందిని పట్టుకుంటుంది. వ్యాధి లేని 99,980 మందిలో 5 శాతం, అంటే 4,999 మందికి లేని వ్యాధి ఉన్నట్లు చూపుతుంది. మొత్తం 5,017 మందికి "అనుమానం" అని చీటీ వెళ్తే అందులో నిజమైనవి 18. అంటే సుమారు 279 మందిలో ఒకరు.

రెండో సందర్భం: ముప్పు ఎక్కువగా ఉన్న వెయ్యిమంది, వారిలో 10 మందికి వ్యాధి ఉందనుకోండి. పరీక్ష 9 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 990 మందిలో సుమారు 50 మందికి తప్పుగా చూపుతుంది. 59 అనుమానాల్లో 9 నిజం, అంటే ఆరేడుగురిలో ఒకరు.

పరీక్ష మారలేదు. పరీక్షించిన జనం మారారు. వ్యాధి అరుదుగా ఉన్న సమూహంలో ఎంత మంచి పరీక్ష అయినా ఎక్కువగా ఆరోగ్యవంతులనే అనుమానితులుగా చూపుతుంది. స్క్రీనింగ్‌లో మొదటి వడపోత స్కానింగ్ కాదు, వంశవృక్షం అని 14.4లో చెప్పడానికి కారణం ఇదే.

14.6 ఎవరికి, ఏ వయసులో, ఏ పరీక్ష

ఈ విషయంలో విస్తృతంగా అనుసరించే సూచనలు క్యాప్స్ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2013లో ప్రచురించి, 2020లో సవరించినవి. వాటి సారం ఇది.

*ఎవరికి:* ఎస్‌టీకే11, సీడీకేఎన్2ఏ లోపాలు ఉన్నవారికి కుటుంబంలో క్లోమ క్యాన్సర్ ఉన్నా లేకున్నా నిఘా అవసరం. బీఆర్‌సీఏ2, పాల్‌బీ2, ఏటీఎం వంటి లోపాలు ఉన్నవారిలో ప్రథమశ్రేణి బంధువుకు వ్యాధి వచ్చి ఉంటే నిఘా సూచిస్తారు. జన్యువు తెలియని కుటుంబ క్లోమ క్యాన్సర్‌లో, వ్యాధి వచ్చినవారికి ప్రథమశ్రేణి బంధువులైనవారికి సూచిస్తారు. శస్త్రచికిత్సను తట్టుకునే ఆరోగ్యం లేనివారికి స్క్రీనింగ్ చేయరు. ఏదైనా దొరికినా చేయగలిగింది లేనప్పుడు వెతకడం వల్ల మిగిలేది భయమే.

*ఏ వయసులో:* పట్టిక 14.1 చివరి గడి చూడండి. జన్యువు తెలియని కుటుంబాల్లో 50 లేదా 55 ఏళ్లకు మొదలుపెడతారు. 45–50 వర్గంలోనూ, జన్యువు తెలియని వర్గంలోనూ మరో నియమం ఉంది: కుటుంబంలో అతి చిన్న వయసులో వ్యాధి వచ్చినవారి వయసు నుంచి పదేళ్లు తీసివేయాలి, ఏది ముందైతే అది.

*ఏ పరీక్ష:* ప్రధానమైనవి రెండు. ఒకటి ఎం.ఆర్.ఐ. స్కానింగ్. క్లోమ, పిత్త నాళాలను ప్రత్యేకంగా చూపే పద్ధతిని దీనితో కలిపి చేస్తారు. రెండోది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. చివర అల్ట్రాసౌండ్ పరికరం ఉన్న గొట్టాన్ని నోటి ద్వారా జీర్ణాశయంలోకి పంపి, గోడకు ఆవల ఉన్న క్లోమాన్ని అతి దగ్గర నుంచి చూస్తారు. రెండింటిలోనూ రేడియేషన్ లేదు. సాధారణంగా ఏడాదికి ఒకసారి, ఒక్కొక్కటి మార్చి మార్చి చేస్తారు. ముప్పు ఉన్న 216 మందికి మూడు పద్ధతులతోనూ పరీక్ష చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, క్లోమంలో ఏదో ఒక తేడాను సీటీ స్కాన్ 11 శాతం మందిలో, ఎం.ఆర్.ఐ. 33 శాతం మందిలో, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ 42 శాతం మందిలో చూపాయి. అందుకే సీటీని మొదటి పరీక్షగా వాడరు. గట్టి గడ్డ వంటి అనుమానం వచ్చినప్పుడే వాడతారు.

*రక్తపరీక్షలు:* ఏటా పరగడుపు చక్కెర లేదా హెచ్‌బీఏ1సీ చూస్తారు. 50 దాటిన వయసులో కొత్తగా మధుమేహం బయటపడిన నూరుమందిలో సుమారు ఒకరికి మూడేళ్లలోగా క్లోమ క్యాన్సర్ బయటపడుతుందని అమెరికాలో గమనించారు. మిగిలిన 99 మందికి అది మామూలు మధుమేహమే. కనుక మధుమేహం ఇంతగా ఉన్న మన సమాజంలో ప్రతి కొత్త రోగీ బెదరనవసరం లేదు. సీఏ 19-9 అనే రక్తపరీక్షను కూడా స్కానింగ్‌లో అనుమానం వచ్చినప్పుడే చేస్తారు. పిత్తనాళం మూసుకుపోయినా అది పెరుగుతుంది. పైగా జనాభాలో 5 నుంచి 10 శాతం మంది శరీరాలు ఆ పదార్థాన్ని తయారే చేయవు. వారిలో క్యాన్సర్ ఉన్నా ఫలితం మామూలుగానే వస్తుంది.

14.7 ఫలితాలను ఎలా చదవాలి

స్క్రీనింగ్ వెతికేది రెండింటి కోసం: క్లోమం దాటని చిన్న క్యాన్సర్ కోసం, క్యాన్సర్‌గా మారబోతున్న తీవ్రదశలోని మార్పు కోసం. ఇది నెరవేరుతోందా?

అమెరికాలోని క్యాప్స్‌5 అధ్యయనం 2022లో ఫలితాలు ప్రచురించింది. 1,461 మందిలో 10 మందికి క్లోమ క్యాన్సర్ వచ్చింది. తొమ్మిదింటిని స్క్రీనింగ్ పట్టుకుంది. ఆ తొమ్మిదిలో ఏడు మొదటి దశవి. ఇదే బృందం చేపట్టిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూస్తే స్క్రీనింగ్‌లో దొరికిన రోగుల మధ్యస్థ జీవనకాలం 9.8 సంవత్సరాలు. నిఘా బయట వ్యాధి బయటపడినవారిలో అది 1.5 సంవత్సరాలు.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ అనుభవం దీని పక్కన పెట్టి చదవాలి. అక్కడ సీడీకేఎన్2ఏలో ఒకే రకమైన లోపం అనేక కుటుంబాల్లో ఉంది. 2000 నుంచి 347 మందిని నిఘాలో ఉంచారు. 31 మందిలో 36 క్యాన్సర్లు బయటపడ్డాయి. వాటిలో 30 శస్త్రచికిత్సకు వీలైనవి. కానీ మొదటి దశలో దొరికినవి 12 మాత్రమే. అయిదేళ్లు బతికినవారు 32.4 శాతం. సాధారణ రోగులతో పోల్చితే ఇది ఎంతో మేలు. అయినా ఏటా పరీక్ష చేయించుకుంటున్నవారిలోనూ మూడింట రెండు వంతుల కణితులు మొదటి దశ దాటాకే దొరికాయి. నిఘా రక్షాకవచం కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇక 9.8, 1.5 అన్న అంకెల తేడాను యథాతథంగా తీసుకోవచ్చా? కూడదు. ఒక వ్యక్తి 62 ఏళ్లకు మరణించాడనుకోండి. లక్షణాలతో 61లో వ్యాధి తెలిస్తే "ఒక సంవత్సరం బతికాడు" అంటాం. అదే కణితి స్కానింగ్‌లో 58లో కనిపించి, చికిత్స ఫలించకపోతే "నాలుగేళ్లు బతికాడు" అంటాం. మరణించిన రోజు మారలేదు. తెలిసిన రోజు ముందుకు జరిగింది. దీన్ని ముందస్తు కాల దోషం అంటారు. అలాగే నెమ్మదిగా పెరిగే కణితి ఏళ్ల తరబడి ఉంటుంది గనుక వార్షిక పరీక్షకు సులభంగా దొరుకుతుంది. వేగంగా పెరిగేది రెండు పరీక్షల మధ్యనే బయటపడుతుంది. కనుక స్క్రీనింగ్‌లో దొరికినవి స్వభావరీత్యానే మెతకవి కావచ్చు. ఇది వ్యవధి దోషం.

స్క్రీనింగ్ చేసినవారినీ చేయనివారినీ యాదృచ్ఛికంగా విభజించి పోల్చిన ప్రయోగం ఈ వ్యాధిలో లేదు. తొలిదశ కేసుల శాతం పెరగడం, శస్త్రచికిత్సకు వీలైనవి పెరగడం ఆశ కలిగించేవే గాని, మరణాలు తగ్గాయనడానికి అవి మాత్రమే రుజువు కావు. అందుకే నిపుణులు ఎక్కువ ముప్పు ఉన్నవారికి నిఘాను సమర్థిస్తారు, అదీ అనుభవమున్న కేంద్రాల్లో, ఫలితాలను నమోదు చేస్తూ.

14.8 నష్టాలు, నిర్ణయం

పైన చెప్పిన 216 మంది అధ్యయనాన్ని మళ్లీ చూడండి. ఐదింట రెండు వంతుల మందిలో ఏదో ఒక తేడా కనిపించింది. అందులో ఎక్కువ భాగం చిన్న తిత్తులే. చివరికి శస్త్రచికిత్స జరిగింది అయిదుగురికి. వారిలో తీవ్రదశ మార్పులు ఉన్నది ముగ్గురిలో. అంటే మిగిలిన ఇద్దరిలో క్యాన్సర్‌కు చేరువైన మార్పు లేదు.

క్లోమ శస్త్రచికిత్స చిన్నది కాదు. తలభాగాన్ని తీసేటప్పుడు ఆంత్రమూలాన్నీ, పిత్తాశయాన్నీ, పిత్తనాళంలో కొంత భాగాన్నీ కలిపి తీసి, మిగిలిన వాటిని పేగుకు కుడతారు. అనుభవమున్న కేంద్రాల్లో మరణాలు 5 శాతం లోపే ఉన్నా, ఏదో ఒక ఇబ్బంది ఎదురయ్యేవారు చాలామంది. క్లోమాన్ని పూర్తిగా తీసేస్తే జీవితాంతం ఇన్సులిన్ సూదులు, భోజనంతో పాటు ఎంజైము మాత్రలు తప్పవు. అందుకే ముప్పు ఉంది గదా అని ఏ మార్పూ లేని క్లోమాన్ని ముందుగానే తీసేయమని ఎవరూ సూచించరు.

మనస్సుకు కలిగే భారం వేరు. ఏటా పరీక్ష దగ్గరపడుతుంటే నిద్రపట్టనివారు ఉంటారు. మన సమాజంలో మరో భయం తోడవుతుంది. "ఆ ఇంట్లో క్యాన్సర్ ఉంది" అన్న మాట బయటికి వస్తే పిల్లల పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని ఫలితాన్ని దాచిపెడతారు. అలా దాచినప్పుడు నష్టపోయేది తెలియని తోబుట్టువులే. జన్యు సలహాదారు పని ఇక్కడే ఉంది. పరీక్షకు ముందే ఏ జవాబు వస్తే ఏమి చేస్తారో మాట్లాడాలి. ఫలితం ఎవరెవరికి చెప్పాలో నిర్ణయించుకోవాలి. తెలుసుకోకూడదని కోరుకునే హక్కునూ గౌరవించాలి. పెద్ద వయసులో వచ్చే ఈ ముప్పు కోసం 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించరు. చిన్నవయసులోనే సమస్యలు తెచ్చే ఎస్‌టీకే11, పీఆర్‌ఎస్‌ఎస్1 వంటివి దీనికి మినహాయింపు.

స్క్రీనింగ్ కార్యక్రమానికి ఉండవలసిన అర్హతలను 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్‌నర్ సూత్రీకరించారు. వ్యాధి ముఖ్యమైనదై ఉండాలి, గుర్తించదగిన తొలిదశ ఉండాలి, తగిన పరీక్ష ఉండాలి, అంగీకరించదగిన చికిత్స ఉండాలి, ఖర్చు సమతూకంలో ఉండాలి. భారత ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే చోటు దక్కడాన్ని ఈ కొలతలతో అర్థం చేసుకోవచ్చు. క్లోమ క్యాన్సర్ మొదటి అర్హతను తేలికగా దాటుతుంది. మిగిలినవి ముప్పు ఎక్కువగా ఉన్న కొద్దిమందిలోనే, అదీ పాక్షికంగా నెరవేరుతాయి.

ఇప్పుడు మన ఊహాజనిత మహిళ దగ్గరకు తిరిగి వద్దాం. మేనత్తలో బీఆర్‌సీఏ2 లోపం దొరికింది, ఈమెలోనూ ఉందని తేలింది. తండ్రికి వ్యాధి 56లో వచ్చింది గనుక పదేళ్లు తీసివేస్తే 46. 45 నుంచే మొదలుపెట్టవచ్చు. ఈలోగా ఆమె తక్షణం చేయవలసినవి రొమ్ము, అండాశయాలకు సంబంధించిన పరీక్షలు. అక్కడ ముప్పు క్లోమం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అన్నయ్యకు పొగతాగే అలవాటు ఉంటే, ఏ స్కానింగ్ కంటే ముందు ఆయన చేయవలసింది దాన్ని మానడం. జన్యువును మార్చుకోలేం, దీన్ని మార్చుకోగలం. అన్నయ్యకూ జన్యుపరీక్ష గురించి చెప్పాలి. అక్కచెల్లెళ్లకు చెప్పి అన్నదమ్ములకు చెప్పకపోవడం ఇలాంటి కుటుంబాల్లో జరిగే మామూలు పొరపాటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. ఒక కుటుంబంలో జన్యువు తెలియదు. తండ్రికి 61 ఏళ్లకు, ఆయన తమ్ముడికి 52 ఏళ్లకు క్లోమ క్యాన్సర్ వచ్చింది. తండ్రి సంతానానికి నిఘా ఏ వయసులో మొదలుపెట్టాలి?
4. ముందస్తు కాల దోషం అంటే ఏమిటి?

14.9 సారాంశం

క్లోమ క్యాన్సర్ లోతుగా, నిశ్శబ్దంగా పెరుగుతుంది. తొలిదశలో దొరికితేనే శస్త్రచికిత్స ఫలిస్తుంది. సుమారు పదింట ఒక వంతు రోగుల్లో కుటుంబ నేపథ్యం ఉంటుంది. అయితే వంశంలో సంక్రమించేది ముప్పు మాత్రమే, వ్యాధి కాదు. వ్యాధి అరుదుగా ఉన్న సాధారణ ప్రజల్లో స్క్రీనింగ్ మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది. వంశవృక్షం, జన్యుపరీక్షల ద్వారా ఎంపికైనవారిలో ఎం.ఆర్.ఐ., ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లతో వార్షిక నిఘా తొలిదశ క్యాన్సర్లను ఎక్కువగా పట్టుకుంటుంది, అన్నింటినీ కాదు. అనవసర శస్త్రచికిత్స, ఆందోళన దీని నష్టాలు. కనుక నిర్ణయం వ్యక్తి తెలిసి తీసుకునేదై ఉండాలి.

14.10 ముఖ్య పదాలు

*స్క్రీనింగ్:* లక్షణాలు లేనివారిలో వ్యాధి కోసం వెతకడం.
*నిఘా:* ముప్పు ఉన్నవారిని నిర్ణీత వ్యవధుల్లో మళ్లీమళ్లీ పరీక్షించడం.
*ప్రథమశ్రేణి బంధువులు:* తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం.
*అసంపూర్ణ వ్యక్తీకరణ:* లోపమున్న జన్యువు ఉన్నా కొందరిలో వ్యాధి రాకపోవడం.
*వ్యవధి దోషం:* నెమ్మదిగా పెరిగే కణితులే స్క్రీనింగ్‌కు ఎక్కువగా చిక్కడం వల్ల ఫలితాలు మెరుగ్గా కనిపించడం.

14.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. అనుమానించలేం. బాబాయి భార్య ఆ వంశానికి రక్తసంబంధి కారు. ఆమెది వేరే వంశవృక్షం.
2. వ్యాధి వచ్చినవారిలో లోపం దొరికే అవకాశం ఎక్కువ. ఆమెలో ఏ లోపం ఉందో తెలిస్తేనే మిగిలినవారిలో "లేదు" అన్న ఫలితానికి అర్థం ఉంటుంది.
3. 42 ఏళ్లకు. అతి చిన్న వయసు 52 నుంచి పది తీసివేయాలి; అది 50 కంటే ముందు వస్తుంది.
4. మరణించే సమయం మారకపోయినా, వ్యాధి ముందుగా తెలియడం వల్ల జీవనకాలం పెరిగినట్లు కనిపించడం.

14.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. సాధారణ ప్రజలకు వద్దన్న స్క్రీనింగ్‌ను ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఎందుకు సూచిస్తారో లెక్కతో వివరించండి.
2. క్యాప్స్‌5, లైడెన్ ఫలితాలను పోల్చి, వాటి నుంచి ఏమి తేల్చవచ్చో, ఏమి తేల్చకూడదో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. క్లోమ క్యాన్సర్ ముప్పుకూ మేనరికానికీ గల సంబంధాన్ని వివరించండి.
2. సీఏ 19-9 పరీక్షను స్క్రీనింగ్‌కు ఎందుకు వాడరు?
3. మీ కుటుంబానికి మూడు తరాల వంశవృక్షం గీయండి. రక్తసంబంధులను, పెళ్లి ద్వారా బంధువులైనవారిని వేర్వేరు గుర్తులతో చూపండి. వ్యాధుల వివరాలు ఇతరులకు చూపనవసరం లేదు.